మైకు కిందికి దించిన అన్నయ్య

(రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు వర్ధంతి రోజున ఫిల్మ్‌నగర్‌లో చేసిన స్మారకోపన్యాసం)

వెనక వరసలో పిల్లలు అప్పుడే కుర్చీలు ఈడుస్తున్నారు. పిల్లలు చప్పుడు చేస్తే ఎవరూ కసరకండి. ఇది వాళ్ళ మనిషి సభ.

ఈ ఉపన్యాసం చెయ్యమని నిర్వాహకులు అడిగినప్పుడు నేను వెనకాడాను. ముప్ఫై ఏళ్ళకు పైగా ఇక్కడి డబ్బింగ్ థియేటర్లలో చీకట్లో కూర్చుని ఒకరి మాటల్ని మరొకరి పెదవులకు కలిపినవాణ్ణి. నలుగురి ముందు నిలబడి మాట్లాడే అలవాటు లేదు. పైగా రాఘవరావుగారిని నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆ మాటే చెప్పాను. "పర్వాలేదండీ, చూసినవాళ్ళు చాలామంది మాట్లాడారు. ఈసారి విన్నవాళ్ళు మాట్లాడాలి" అన్నారు. ఇక తప్పించుకునే దారి లేకపోయింది.

మన పేటలో ముఖానిదే రాజ్యం. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర బస్సు దిగిన కుర్రాడి కళ్ళు ముందు హోర్డింగు మీద పడతాయి. కృష్ణానగర్‌లో తెల్లవారకముందే వ్యాను కోసం నిలబడే జూనియర్ ఆర్టిస్టు సెల్‌ఫోను నిండా సొంత ఫొటోలే. ఇలాంటి చోట, ముఖం ఎలా ఉంటుందో తెలియకుండానే లక్షల ఇళ్ళలో సొంత మనిషైపోయిన ఒకాయన్ని తలుచుకోవడం కాస్త వింతగానే ఉంటుంది. కానీ ఆయనకు ఈ పేట బాకీ ఉంది. ఆ బాకీ ఎంతో లెక్క చెప్పడానికే వచ్చాను.

సినిమావాళ్ళు రేడియోకి బాకీ అనగానే అందరికీ గుర్తొచ్చేది పాటలే. ఆ లెక్క ముందు తేల్చేద్దాం. 1952లో కేంద్ర సమాచార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్‌కి సినిమా పాటలంటే గిట్టదు. ఆలిండియా రేడియోలో అవి తగ్గిపోయాయి. వినేవాళ్ళు ముల్లు తిప్పుకుని రేడియో సిలోన్‌కి వెళ్ళిపోయారు. హిందీకి అక్కడ అమీన్ సయానీ, తెలుగుకి మీనాక్షి పొన్నుదురై. 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలయ్యాక పాట మళ్ళీ ఇంటికొచ్చింది. చిత్రం పేరు, రాసినవారి పేరు, సంగీతం ఎవరు, పాడినవారెవరు అని వరసగా చదివి, తన పేరు మాత్రం మింగేసుకునేవాళ్ళు అనౌన్సర్లు. టైటిల్స్ పడుతుండగా హాల్లోకి వచ్చే జనానికి కవి పేరు, స్వరకర్త పేరు నోటికి వచ్చాయంటే వాళ్ళ పుణ్యమే. ఈ బాకీని మనం అప్పుడప్పుడూ సభల్లో ఒప్పుకుంటూనే ఉన్నాం. రేడియో అన్నయ్య బాకీ అలాంటిది కాదు. ఇంతవరకూ దాన్ని ఎవరూ పద్దులో రాయలేదు.

న్యాయపతి రాఘవరావుగారు 1905 ఏప్రిల్ 13న బరంపురంలో పుట్టారు. వి.వి. గిరిగారి ఊరే. అప్పటికి అది మద్రాసు రాజధానిలో గంజాం జిల్లా. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు అటు వెళ్ళింది. మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. అంతకుముందు అక్కడ రేడియో అంటే 1924 నాటి ఔత్సాహికుల క్లబ్బు, తర్వాత కార్పొరేషన్ వాళ్ళ ప్రసారాలు. కొత్త కేంద్రంలో తెలుగు పిల్లల కార్యక్రమం రాఘవరావు, కామేశ్వరి దంపతుల చేతికి వచ్చింది. దానికి స్థిరపడిన పేరు బాలానందం. వాళ్ళకు స్థిరపడిన పేర్లు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య.

ఈ రెండు పేర్ల దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. మన ఇళ్ళలో అన్నయ్య భార్య వదిన అవుతుంది. అక్కయ్య భర్త బావ అవుతాడు. మరి భార్యాభర్తలిద్దరూ ఒకే పిల్లలకు అన్నయ్యా అక్కయ్యా ఎలా అయ్యారు? చుట్టరికం లెక్కలో ఇది కుదరదు. రేడియో ముందు కూర్చున్న ఏ పిల్లకీ ఈ అనుమానం రాలేదు. నాకూ రాలేదు, మా అమ్మ అనేదాకా. "వదిన అనాలి కదట్రా ఆవిణ్ణి" అని ఆవిడ నవ్వింది. ఇప్పుడు ఆలోచిస్తే అందులో ఎంతో ఉందనిపిస్తుంది. వదిన అంటే అన్నయ్య వల్ల వచ్చిన చుట్టం. కామేశ్వరిగారు పిల్లల దగ్గరికి భర్త వెంట రాలేదు, తన కాళ్ళ మీద తను వచ్చారు. ఆయన ఎంతో ఆవిడా అంతే. ఆడవాళ్ళ గొంతు ఇంకా గడప దాటని రోజుల్లో, ఒక్క మాట కూడా ఉపన్యాసంగా చెప్పకుండా, పిలుపుతోనే ఈ సంగతి ఇంటింటికీ చేరింది.

ఇంకో విశేషం. ఇంగ్లండులో 1922లోనే బీబీసీ పిల్లల ప్రసారాలు మొదలుపెట్టింది. తొలినాళ్ళలో అక్కడ మాట్లాడే పెద్దలను 'అంకుల్', 'ఆంటీ' అనేవారు. మనవాళ్ళు మామయ్య, అత్తయ్య అని అనువాదం చేసుకోలేదు. మామయ్య బహుమతులు తెస్తాడు, వెళ్ళిపోతాడు. మాస్టారైతే పాఠం అప్పజెప్పమంటారు. తాతయ్య కథ చెబుతాడు, మనం ఊఁ కొట్టాలి. అన్నయ్య వేరు. వాడు మనతోపాటే దెబ్బలు తిన్నవాడు. మనకన్నా రెండు తరగతులు పైన ఉంటాడంతే. వాడి ముందు తప్పు మాట్లాడినా సిగ్గుండదు. మైకు ముందు పిల్లలు నోరు విప్పాలంటే ఎదురుగా ఉండాల్సిన చుట్టం అదే.

సూర్యాపేటలో మా వీధి చివర వడ్ల మిల్లు యజమాని ఇంట్లో వాల్వు రేడియో ఉండేది. అరవైల మాట. స్విచ్చి వెయ్యగానే పలకదు. ముందు లోపల దీపం వెలుగుతుంది, కాసేపటికి గుర్రుమంటుంది, వేడెక్కాక గొంతు తేరుకుంటుంది. వసారాలో ఈ దూలం నుంచి ఆ దూలానికి రాగి జాలీ పట్టీ కట్టి ఉండేది, అదే ఏరియల్. పిచ్చుక దాని మీద వాలితే స్టేషను కదులుతుందని మా నమ్మకం. అందుకని పిచ్చుకల్ని తోలడం ఒకరి డ్యూటీ. ఆదివారం బాలానందానికి పదిహేను మంది పిల్లలం ఆ అరుగు మీద చేరేవాళ్ళం.

ఒకనాడు ఎవరో పాప పద్యం అందుకుంది. రెండు పాదాలు గడగడా చెప్పింది. మూడో పాదం దగ్గర ఆగిపోయింది. రేడియోలో నిశ్శబ్దం. అరుగు మీద మా అందరి ఊపిరీ ఆగింది. ఏరియల్ తెగిందేమోనని పిచ్చుకల డ్యూటీవాడు పైకి చూశాడు. లోపల కాగితం కదిలిన చప్పుడు, ఎవరో చిన్నగా దగ్గిన చప్పుడు. అప్పుడు ఓ పెద్దవాళ్ళ గొంతు మెల్లగా ఒక్క మాట అందించింది. అంతే, పాప దాన్ని పట్టుకుని చివరిదాకా వెళ్ళిపోయింది. ఆ గొంతు ఎవరిదో నాకు తెలియదు. తెలిసింది ఒక్కటే. ఆ నిశ్శబ్దాన్ని ఎవరూ పాటతో పూడ్చలేదు, పాపని పక్కకి లాగి ఆ పద్యాన్ని తాము చెప్పలేదు. ఆగిన పిల్ల మళ్ళీ మొదలుపెట్టేదాకా ఊరంతా ఆగింది.

ఆ రోజు నాకు పద్యం ఒంటబట్టలేదు. కానీ రేడియోలో మా వయసువాళ్ళు మాట్లాడొచ్చు, తడబడొచ్చు, తడబడితే కొంప మునగదు అని తెలిసింది. పెద్దలు పిల్లల గురించి మాట్లాడటం ఎప్పుడూ ఉంది. పిల్లల కోసం మాట్లాడటం కూడా ఉంది. బాలానందం చేసింది మూడోది. మాట్లాడే పని పిల్లలకే అప్పగించింది. పాట వాళ్ళదే, నాటకం వాళ్ళదే, పొడుపుకథ వాళ్ళదే. ఇంట్లో రేడియో లేని పిల్లల దగ్గరికీ ఈ పని వెళ్ళాలని ఊరూరా బాలానంద సంఘాలు పెట్టించారు. ఆటపాటలు నేర్పారు, నాటికలు ఆడించారు. రేడియో ఉద్యోగమంటే స్టూడియో తలుపు దగ్గర మొదలై అక్కడే ముగుస్తుందని వాళ్ళు అనుకోలేదు.

ఇప్పుడు బాకీ సంగతి. 1945లో రాఘవరావు దంపతులు 'బాల' అనే పత్రిక మొదలుపెట్టారు. 'చందమామ' పుట్టింది 1947 జులైలో. అది నాగిరెడ్డి, చక్రపాణి గార్లది. అంటే 'పాతాళభైరవి', 'మాయాబజార్' తీసిన చేతులే ఆ పత్రికనూ నడిపాయి. అంతటి అండ 'బాల'కి లేదు. అయినా 1959 దాకా నడిచింది. మైకు పిల్లల చేతికిచ్చినట్టే, ఆ పత్రికలో కాగితం పిల్లల చేతికిచ్చారు. 1945లో మద్రాసులో చదువుకుంటున్న పద్నాలుగేళ్ళ కుర్రాడు రాసిన కథ అందులో అచ్చయింది. కథ పేరు 'అమ్మ మాట వినకపోతే'. కుర్రాడి పేరు ముళ్ళపూడి వెంకటరమణ. అతని స్నేహితుడు, అతనికన్నా రెండేళ్ళు చిన్నవాడు, ఆ పత్రికలోనే బొమ్మలు వేశాడు. అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. మనకు బాపు.

ఆ ఇద్దరు కుర్రాళ్ళు పెద్దయ్యాక ఏం చేశారో ఫిల్మ్‌నగర్‌లో నేను చెప్పక్కర్లేదు. అయినా ఒక్క దారాన్ని పట్టుకుని వెళ్తాను. యాభైల్లో రమణగారు 'బుడుగు' రాశారు. తెలుగు వచనంలో ఒక పిల్లాడు తన గోల తనే చెప్పుకోవడం అంటే అది. రాసింది పెద్దవాడు. కానీ పెద్దవాడు ముద్దుముద్దుగా పలికిన పలుకులు కావవి. పిల్లాడి తర్కం, పిల్లాడి పేచీ, పిల్లాడి గొప్పలు. 1970లో బాపు 'బాలరాజు కథ' తీశారు. సినిమా భారమంతా ఒక కుర్రాడి భుజాల మీద పెట్టారు. 1975లో 'ముత్యాల ముగ్గు'లో పిల్లలిద్దరూ హనుమంతుడితో స్నేహితుడితో మాట్లాడినట్టే కబుర్లాడతారు. పద్నాలుగేళ్ళప్పుడు తన రాతని పెద్దలు దిద్ది దాచకుండా అచ్చేస్తే, ఆ మనిషి జీవితాంతం పిల్లల మాటని మన్నిస్తాడు కాబోలు. ఒక పత్రిక వల్లే ఇదంతా జరిగిందని నేననను. గింజ ఎక్కడ పడిందో మాత్రం చెప్పగలను.

'బాల' నడుస్తున్న కాలంలోనే సినిమా కూడా బాలానందం అన్న మాటని అరువు తెచ్చుకుంది. కె.ఎస్. ప్రకాశరావుగారు 1954లో 'బాలానందం' పేరుతోనే పిల్లల సినిమా తీశారు. 'బూరెల మూకుడు', 'రాజయోగం', 'కొంటె కిష్టయ్య' అని మూడు చిన్న చిత్రాలను కలిపి ఒక ప్రదర్శన చేశారు. నటులు పిల్లలే. ఆయన కుమారుడు రాఘవేంద్రరావుగారు ఏమి తీశారో అందరికీ తెలుసు. ఆ ఇంట్లో ముందు ఇదొకటి జరిగిందని ఎందరికి గుర్తు?

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ ఏడే అన్నయ్య, అక్కయ్య మద్రాసు వదిలి హైదరాబాదు చేరారు. ఆంధ్ర బాలానంద సంఘం నారాయణగూడలో స్థిరపడింది. ఈ తేదీని కాస్త గమనించండి. పూర్తిగా హైదరాబాదులోనే తీసిన తొలి తెలుగు సినిమా 'మా ఇంటి మహాలక్ష్మి' 1959లో వచ్చింది. అన్నపూర్ణ స్టూడియో 1976 నాటిది. సినిమావాళ్ళం మద్రాసు నుంచి సామాను కట్టడానికి ఇరవై ముప్ఫై ఏళ్ళు తటపటాయించాం. పిల్లల రేడియో ముందే వచ్చేసింది. అప్పటికి మనం కూర్చున్న ఈ చోట బండరాళ్ళు, సీతాఫలం పొదలు తప్ప ఏమీ లేవు.

హైదరాబాదు రేడియోకి అప్పటికే ఒక చరిత్ర ఉంది. 1935లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చిన దక్కన్ రేడియో, 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసింది. ఆ కేంద్రంలో పనిచేసినవాళ్ళ పేర్లు చూడండి. దేవులపల్లి కృష్ణశాస్త్రి, స్థానం నరసింహారావు, మునిమాణిక్యం నరసింహారావు, దాశరథి. వీళ్ళలో ఇద్దరు మన పాటల కవులు. రేడియోకీ సినిమాకీ మధ్య ఆనాడు ఉన్నది గోడ కాదు, పక్కింటివాళ్ళు కూర పంపించుకునే పిట్టగోడ.

కామేశ్వరిగారు 1980లో, రాఘవరావుగారు 1984 ఫిబ్రవరి 24న వెళ్ళిపోయారు. రమణగారు పోయినది 2011లో, అదీ ఫిబ్రవరి 24నే. ఇందులో ఏదో మహత్తు ఉందని నేను అనను. రెండు వర్ధంతులూ ఒకే రోజు గుర్తుపెట్టుకోవచ్చు, అంతే. అక్కయ్య పేరు మాత్రం ఆగలేదు. హైదరాబాదు కేంద్రంలో పిల్లల కార్యక్రమాలు చేపట్టిన తురగా జానకీరాణిగారిని కూడా పిల్లలు రేడియో అక్కయ్య అనే పిలిచారు. 2014లో పోయేదాకా ఆవిడ అక్కయ్యే. ప్రభుత్వ ఆఫీసులో హోదాలు వారసత్వంగా రావు. ఈ ఒక్క చుట్టరికం వచ్చింది.

ఇక నా తప్పు ఒకటి చెబుతాను. దాని చుట్టూనే ఇంతసేపూ తిరిగాను.

పన్నెండేళ్ళ కిందట ఈ పేటలోనే ఒక థియేటర్లో ఓ సినిమాకి డబ్బింగ్ చేయిస్తున్నాను. అందులో ఏడేళ్ళ బాబు గేటు పట్టుకుని నిలబడి "నాన్న రాలేదా?" అంటాడు. ఒక్క డైలాగు. నటించిన బాబుతోనే చెప్పిద్దామని పిలిపించాం. మైకు పెద్దవాళ్ళ ఎత్తులో ఉంది. మా అసిస్టెంటు యాపిల్ బాక్స్ అనే చెక్కపెట్టె తెచ్చి వేశాడు. బాబు దాని మీదికెక్కాడు. పడిపోతానేమోనని వాడి చూపంతా కాళ్ళ మీదే. పది టేకులు చేశాం. ప్రతిసారీ గొంతు బిగుసుకుపోయి వచ్చింది. బయట సోఫాలో ఒక డబ్బింగ్ అక్క కూర్చుని ఉంది. ఇరవై ఏళ్ళుగా ఎందరో పిల్లలకు గొంతిచ్చిన మనిషి, పనిలో ఎదురులేనిది. డైరెక్టరు వాచీ చూసుకున్నాడు.

అప్పుడు మా ముసలి రికార్డిస్టు లేచి లోపలికి వెళ్ళాడు. బాబుని ఎత్తి నేల మీద దించాడు. బాక్సుని కాలితో పక్కకి తోశాడు. స్టాండు మర వదులు చేసి మైకుని వాడి నోటికి దించాడు. మాట్లాడకుండా వచ్చి కూర్చున్నాడు. పదకొండో టేకు. బాబు తెర మీద తనని తను చూసుకున్నాడు. గుటక మింగాడు. తర్వాత "నాన్న రాలేదా" అన్నాడు. ప్రశ్నలా లేదు, జవాబు ముందే తెలిసినవాడిలా ఉంది. సింకు కొంచెం తప్పింది. ఆ గుటక మైకులో స్పష్టంగా పడింది. గదిలో నలుగురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

సినిమాలో ఉన్నది ఆ టేకు కాదు. టైం లేదన్నారు. అక్క లోపలికి వెళ్ళి ఒకే టేకులో, పెదవికి పెదవి కలిపి చెప్పేసింది. ముద్దుగా ఉందని అందరూ అన్నారు. నిజంగానే ముద్దుగా ఉంది. ఆ సీనులో ముద్దు అక్కర్లేదని నాకు తెలుసు. ఇన్‌ఛార్జిని నేనే. నేను నోరు విప్పలేదు.

అక్క తప్పేమీ లేదు. ఆవిడ పని ఆవిడ చేసింది. పద్ధతి మనది. మనం పిల్లాడి ముఖం తీసుకుంటాం, గొంతు పెద్దవాళ్ళది పెడతాం. లేదంటే పిల్లాడి గొంతే ఉంచి, మాట మాత్రం హీరోది పెడతాం. ఆరేళ్ళవాడి చేత పంచ్ డైలాగు కొట్టిస్తే హాల్లో ఈల పడుతుంది. రెండింటిలోనూ పిల్లాడు యాపిల్ బాక్స్ మీదే ఉన్నాడు. మన ఎత్తుకి వాణ్ణి లేపాం కానీ వాడి ఎత్తుకి మనం దిగలేదు.

చేతకాక కాదు. 1997లో గుణశేఖర్‌గారు పిల్లలతోనే 'బాల రామాయణం' తీస్తే దేశంలో ఉత్తమ బాలల చిత్రమని అవార్డు వచ్చింది. దానికి ముందేడు గంగరాజుగారి 'లిటిల్ సోల్జర్స్' వచ్చింది. అంతర్జాతీయ బాలల చిత్రోత్సవానికి మన ఊరే ఆతిథ్యం ఇచ్చింది, 2017లో ఇరవయ్యోది ఇక్కడే జరిగింది. ఆ ఉత్సవాన్ని నడిపిన బాలల చిత్ర సమితి 2022లో వేరే సంస్థలో కలిసిపోయింది. బాలనటుల విషయంలో చట్టం కూడా మెరుగుపడింది. 2017 నిబంధనల ప్రకారం రోజుకి ఐదు గంటలు మించి పని చేయించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు, సంపాదనలో కనీసం ఐదో వంతు బిడ్డ పేరున ఫిక్సెడ్ డిపాజిట్ చెయ్యాలి. మంచిదే. అయితే గంటలూ రూపాయలూ చట్టం లెక్కపెడుతుంది. గుటకని లెక్కలోకి తీసుకోవాల్సింది మనం.

కాబట్టి నేను అడిగేవి రెండే. విగ్రహం అడగను, రోడ్డుకి పేరు అడగను. నటించిన పిల్లలకు డబ్బింగులో ముందు అవకాశం ఇవ్వండి, షెడ్యూల్లో వాళ్ళ కోసం ఒక పూట ఎక్కువ వేసుకోండి. తప్పనిసరై వేరే గొంతు పెడితే, ఆ గొంతు పేరు టైటిల్స్‌లో వెయ్యండి. వెనకటి అనౌన్సర్లు మన అందరి పేర్లూ గాలిలో చదివారు. మనం ఆ మాత్రం చెయ్యలేమా?

నా మాటలు అయిపోయాయి. నా తర్వాత ఐదో తరగతి పాప పద్యం చదువుతుందని కార్యక్రమం కాగితంలో ఉంది. ఆ పిల్ల కోసం ఎవరో అప్పుడే పీట తెచ్చి ఇక్కడ పెట్టారు. బాబూ, అది తీసెయ్యి. ఈ స్టాండుకి ఇక్కడ మర ఉంది, వదులు చేస్తే దిగుతుంది. నేనే దించుతాను. రామ్మా. మధ్యలో ఆగిపోయినా ఫర్వాలేదు, మేమంతా ఇక్కడే ఉంటాం.